ముందు తలుపు తెరిచిన రోజు

మా ఇంటికి రెండు తలుపులు. వెనక తలుపు అందరిదీ, ముందు తలుపు ఎవరిదీ కాదు. ఐర్లండ్‌లో, కార్లో అనే టౌను దాటి పొలాల్లోకి వెళ్ళాక వచ్చే మా పల్లెలో ఏ ఇంటి సంగతైనా ఇంతే. వచ్చేవాళ్ళు ఇంటి పక్కగా నడిచి పెరట్లోంచి నేరుగా వంటింట్లోకి వస్తారు. తలుపు తట్టడాలూ, కాలింగ్ బెల్లులూ లేవు. ‘ఉన్నావా’ అని ఒక కేకేసి, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ముందు తలుపుకి మాత్రం ఏడాదికోసారి నిగనిగలాడే రంగు వేస్తారు, ఇత్తడి పిడి తోముతారు, రెండువైపులా పూలకుండీలు పెడతారు. అంతా చేసి తెరవరు. ఆ తలుపు తట్టేది చర్చి ఫాదరూ, గార్డులు అని పిలుచుకునే ఇక్కడి పోలీసులూ. బార్లా తెరిచేది ఇంట్లోంచి శవపేటిక బయటికి వెళ్ళేటప్పుడు.

ఇది నాకు అర్థమవడానికే రెండేళ్ళు పట్టింది. దీన్ని మా నాన్నకి ముందే ఎందుకు చెప్పలేదని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. తలుపులు ఎలా వాడాలో ఎవరైనా కన్నతండ్రికి పాఠం చెబుతారా?

మేం ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పక్క టౌన్లో ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుని. మా ఆయన లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. ఉన్న ఒక్క కారూ ఆయనతోనే పోతుంది. నాకు దిక్కు పల్లె బస్సు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. దానికి స్టాపులంటూ ఏమీ లేవు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే ఆగుతుంది. చెయ్యెత్తకపోయినా మొహం దిగాలుగా ఉంటే ఆగుతుంది. ఆ బస్సుని నమ్ముకునే నా ఉద్యోగం నడిచేది.

ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దాయన. ఆ ఇంట్లోనే పుట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కడూ ఉండలేక, పొలానికి అవతల చిన్న బంగళా కట్టుకుని అందులోకి మారాడు. మారాడన్న మాటే గానీ ప్రతి సాయంత్రం మా వంటింట్లోనే ఉండేవాడు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చూస్తానని వెనక తలుపులోంచి వచ్చి, బాయిలర్ వైపు కన్నెత్తి చూడకుండా స్టవ్ పక్కన కూర్చుని టీ తాగి వెళ్ళేవాడు. నా చేతి అల్లం టీ ఆయనకి నచ్చదు. నచ్చదని రోజూ చెప్పి రోజూ రెండు కప్పులు తాగేవాడు.

ఆ ఇల్లు అమ్మాలని ఆయనే అనుకున్నాడు. మేం కొంటామన్నాం. ‘చూద్దాం’ అన్నాడు. ఆ చూద్దాం అనడం మొదలై ఏడాది దాటింది. ఈలోపు డబ్లిన్ పక్కన లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే ఆయన మేనల్లుడు రంగంలోకి దిగాడు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేసుకునే ఒక జంట పల్లెటూరి ఇంటి కోసం వెతుకుతోందనీ, మాకంటే బాగా ఎక్కువే ఇస్తారనీ మామ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. మా లీజు వేసవి చివరికి అయిపోతుంది. ఆ ఇల్లు పోతే జిల్లాలో ఇంకో ఇల్లు దొరకదు. ఈ దేశంలో ఇల్లు చూడ్డానికి వెళ్ళడమంటే కొత్త సినిమాకి మొదటి రోజు వెళ్ళడమే. వాకిట్లోంచి రోడ్డు దాకా క్యూ ఉంటుంది. డబ్లిన్ వైపు పోదామంటే అక్కడి అద్దెలకి మా జీతాలు ఆగవు, నా బస్సూ ఉండదు. ఆ ఇల్లు మాకు కావాలి. నాకైతే రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టనంతగా కావాలి.

అలాంటి సమయంలో మా నాన్న గుంటూరు జిల్లా నుంచి దిగాడు. అమ్మ చలికి భయపడి రానంది. నాన్న దేనికీ భయపడడు, అదే వచ్చిన చిక్కు. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయన్ని వాస్తు పట్టుకుంది. మేం క్రైస్తవులం. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మా నాన్నది. ‘నీకు వాస్తేంటి నాన్నా’ అని నేను అడగని రోజు లేదు.

“వాస్తు మతం కాదే పిచ్చిదానా. కరెంటు లాంటిది. హిందువు ముట్టుకున్నా షాక్ కొట్టిద్ది, పాస్టరుగారు ముట్టుకున్నా కొట్టిద్ది” అనేవాడు.

వచ్చిన మర్నాడు దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. చలికోటు మీద మఫ్లరు, మఫ్లరు మీద మంకీ క్యాపు, చేతిలో దిక్సూచి. దారిన పోయే ట్రాక్టర్లు ఆగి మరీ చూశాయి. మధ్యాహ్నానికి తీర్పు ఇచ్చాడు.

“ఇల్లు లక్షణంగా ఉంది. సింహద్వారం తూర్పున ఉంది. తూర్పు ద్వారం పెట్టుకుని దాన్ని మూసేసి, నైరుతిలో ఉన్న దొడ్డి తలుపులోంచి తిరగతారేందే మీరు? నైరుతి నోరు తెరుచుకునుంటే ఆ ఇల్లు మీకెట్టా దక్కిద్ది?”

“నాన్నా, ఇక్కడ అందరూ వెనకనుంచే వస్తారు.”

“అందుకే ఇక్కడ ఎవరికీ ఇళ్ళు దొరకట్లా” అన్నాడు.

ఇల్లు చూడ్డానికి ఆ జంటని శనివారం మధ్యాహ్నం తీసుకొస్తున్నట్టు మేనల్లుడు మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ నాన్నకి చదివి వినిపించడం నాదే పొరపాటు. వినగానే నాన్న మీసం సవరించుకున్నాడు. మీసం సవరించుకున్నాడంటే ఆయన ఎవరి మాటా వినడని మా ఇంట్లో కుక్కకి కూడా తెలుసు. శుక్రవారం సాయంత్రం నేను నైట్ డ్యూటీకి బస్సెక్కాను. శనివారం తెల్లవారుజామున మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఇక ఇల్లూ వాస్తూ నాన్నా మిగిలారు.

ఆ పొద్దున ఆయన చేసినవన్నీ తర్వాత ఆయన నోటితోనే, గర్వంగా చెబుతుంటే విన్నాను. మొదట ఒక పెద్ద బీరువాని ఈడ్చుకొచ్చి వెనక తలుపుకి అడ్డంగా పెట్టాడు, నైరుతిలో బరువు ఉండాలని. డెబ్భై ఏళ్ళ మనిషి ఆ బీరువాని ఎలా కదిలించాడో ఇప్పటికీ మాకు తెలియదు. దక్షిణం గోడకి గడియారం ఉండకూడదని దాన్ని దించి, బ్యాటరీ తీసి బల్ల మీద పడుకోబెట్టాడు. పడమటి గోడకున్న పెద్ద అద్దం మేకు నుంచి ఊడిరాకపోతే దాని మీద తన తెల్ల పంచె కప్పాడు. పడమటి కిటికీలకి పరదాలు లాగాడు. ఈశాన్యం కిటికీ ఒక్కటి తెరిచి ఉంచాడు. ఇంటికి నడిబొడ్డు, అంటే బ్రహ్మస్థానం, ఖాళీగా ఉండాలని సోఫా, కుర్చీలు మోసుకెళ్ళి వాకిట్లో వరసగా వేశాడు. ఖాళీ చేసిన చోట పొడుగాటి బల్ల పెట్టి, తెల్లగుడ్డ పరిచి, బైబిలూ రెండు కొవ్వొత్తులూ పెట్టాడు, ఇల్లు దక్కాలని ప్రార్థన చేసుకోవడానికి. ఆఖరికి ముందు తలుపు. అది పట్టేసుకుపోయి ఉంటే వంటనూనె పోసి, భుజంతో తోసి, బార్లా తెరిచాడు. తెరిచి, వాకిలి ఊడ్చి, రైస్ కుక్కర్లో పులిహోర కలిపాడు.

ఈ ఊళ్ళో ఇంకా పాత పద్ధతులు మరిచిపోలేదు. మనిషి పోతే గడియారం ఆపుతారు. అద్దం కప్పుతారు. పరదాలు లాగుతారు. ఆత్మ వెళ్ళడానికి ఒక కిటికీ తెరిచి ఉంచుతారు. గది మధ్యలో ఖాళీ చేసి కొవ్వొత్తులు పెడతారు, వచ్చేవాళ్ళకి కుర్చీలు వేస్తారు. ముందు తలుపు తెరుస్తారు. మా నాన్న వాస్తు చూసుకుని ఒక్కటి కూడా వదలకుండా అన్నీ చేశాడు.

మొదట చూసింది పోస్టాఫీసు కొట్టు నడిపే ఆవిడ. ఆవిడకి తెలిస్తే ఊరికి వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు రోజు ఆవిడ మా కంచె దగ్గర ఆగి, మీ అమ్మాయి కనిపించడం లేదేమని నాన్నని అడిగిందట. నేను వారమంతా నైట్ డ్యూటీలు చేసి, పగలు అటక గదిలో నిద్రపోతున్నాను. నాన్నకి ఆ ఇంగ్లీషు సగం అర్థమైంది. రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసి, వేలు పైకి చూపించాడు. నిద్రపోతోంది, పైన. ఆవిడ అప్పుడు తలూపి వెళ్ళిపోయింది గానీ, శనివారం పొద్దున తెరిచిన ముందు తలుపు చూడగానే ఆ వేలు గుర్తొచ్చింది.

ఆవిడ మెల్లగా వాకిట్లోకి వచ్చి తొంగిచూసేసరికి నాన్న మోకాళ్ళ మీద ఉన్నాడు. మా వాళ్ళ ప్రార్థన తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కన్నీళ్ళు రాకపోతే అది ప్రార్థన కిందకి రాదు. చేతులు పైకెత్తి, మంకీ క్యాపు తీసి, ‘తండ్రీ, నా బిడ్డ, నా బిడ్డకి నిలవనీడ చూపించు తండ్రీ’ అని మా నాన్న గొంతెత్తి ఏడుస్తున్నాడు.

ఇక అనుమానం ఏముంది?

నాకీ సంగతులేవీ తెలియవు. పొద్దుటి డ్యూటీకి రావాల్సిన అమ్మాయి రాక, నేను మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి చచ్చిపడుంది. మధ్యాహ్నం బస్సెక్కి కిటికీకి తలానించి కునుకు తీస్తుంటే, మా సందు మొదట్లో డ్రైవరు బస్సాపేశాడు.

“ఇక లోపలికి పోదమ్మా. రోడ్డంతా కార్లు. ఎవరో పోయినట్టున్నారు, పెద్ద జనమే” అన్నాడు. ఆయన వేరే ఊరివాడు.

దిగి చూస్తే నిజంగానే కంచె పొడుగునా కార్లు, ట్రాక్టర్లు. మా సందులో ఉన్నవి మా ఇల్లూ పెద్దాయన బంగళానే. పెద్దాయన పోయాడు అనుకున్నాను. ఆ వెంటనే, ఇక ఇల్లు మేనల్లుడి చేతుల్లోకి పోయినట్టే అనుకున్నాను. నా అల్లం టీ తాగిన మనిషి పోయాడంటే ముందు ఇల్లు గుర్తొచ్చిందేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ నడిచాను.

తీరా జనం ఉన్నది బంగళా ముందు కాదు, మా వాకిట్లో. ముందు తలుపు దగ్గర్నుంచి గేటు దాకా క్యూ. అందరూ ఇస్త్రీ కోట్లలో ఉన్నారు. చేతుల్లో రేకు మూతలేసిన పళ్ళేలు, శాండ్‌విచ్‌లు, యాపిల్ టార్టులు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మా సోఫా కుండీల మధ్యన ఉంది. దాని మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని జపమాల తిప్పుతున్నారు. ఏం చెయ్యాలో తోచక నేనూ వెళ్ళి క్యూలో ఆఖర్న నిలబడ్డాను. మా ఇంట్లోకి వెళ్ళడానికే.

నా ముందు ఒక యువజంట ఉంది. ఊరివాళ్ళు కాదు. కొత్త బూట్లు, మొహాల్లో కంగారు.

“మీరూ ఇల్లు చూడ్డానికేనా?” అని అడిగిందా అమ్మాయి. “ఇంత పోటీ ఉంటుందని మాకు చెప్పలేదండీ. ఈ చుట్టుపక్కల ఇళ్ళు చూడ్డానికి వెళ్తే తినడానికి తీసుకెళ్ళాలా? మేం ఖాళీ చేతులతో వచ్చేశాం.”

నాకు ఒళ్ళు మండింది. వీళ్ళేనన్నమాట. “నేను ఈ ఇంట్లోనే ఉంటాను” అన్నాను.

ఆ మాటకి వాళ్ళకంటే ముందున్న ఆవిడ వెనక్కి తిరిగింది. కొట్టు ఆవిడే, రెండో విడత శాండ్‌విచ్‌లు పట్టుకుని. నన్ను చూసి పళ్ళెం జారవిడిచింది. ఆ అబ్బాయి దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. ఆవిడ నుదుటి మీదా గుండెల మీదా సిలువ గుర్తు వేసుకుంది. క్యూ మొత్తం తలలు తిప్పింది. ఒక్కరూ అరవలేదు. ఈ ఊరివాళ్ళకి మర్యాద ముందు, ప్రాణభయం తర్వాత.

“బాగానే కనిపిస్తున్నావే” అంది కొట్టు ఆవిడ.

“బాగానే ఉన్నాను. ఎవరు పోయారు?”

ఆవిడ పక్కవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళ వైపు చూశారు. నేను పోలేదు కాబట్టి ఇంకెవరో పోయుండాలి. ఎవరని అడగడం మర్యాద కాదు. పోయినవాళ్ళ పేరు తెలియకుండా వచ్చామంటే అంతకంటే అవమానం లేదు. అందుకని అందరూ ఇంకాస్త విచారంగా తలలు దించుకున్నారు. క్యూ ముందుకి కదిలింది. నేనూ కదిలాను.

గుమ్మంలో మా నాన్న, పెళ్ళికి ఆడపిల్ల తండ్రిలా నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి మనిషి చెయ్యీ రెండు చేతులతో పట్టుకుని ‘ప్రైజ్ ది లార్డ్ బ్రదర్, ప్రైజ్ ది లార్డ్ సిస్టర్’ అంటున్నాడు. వాళ్ళు ‘మీ కష్టానికి విచారిస్తున్నాం’ అంటుంటే, కష్టమేముంది బ్రదర్ అని నవ్వుతున్నాడు. ఇంత గుండె నిబ్బరం ఏ మనిషిలోనూ చూడలేదని వాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళందరికీ చేతిలో పులిహోర ప్లేటు పెడుతున్నాడు.

“ఏం చేశావు నాన్నా?” అన్నాను, పళ్ళు బిగబట్టి.

“నేనేం చెయ్యలేదే తల్లీ! తలుపు తెరిచానంతే. ఊరూరంతా కదిలొచ్చింది! ఇంత భక్తిపరులని నాకు తెలవదే. నేను ప్రార్థన మొదలుపెట్టాను, వాళ్ళు రావడం మొదలైంది. తూర్పు ద్వారం పవరంటే ఏందో చూశావా?”

“వీళ్ళు ప్రార్థనకి రాలేదు నాన్నా. నేను చచ్చిపోయాననుకుని వచ్చారు.”

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత గదిలోకి చూశాడు, కొవ్వొత్తులు, తెల్లగుడ్డ, పంచె కప్పిన అద్దం. నెమ్మదిగా అర్థమైంది. “ఛ, నోర్ముయ్యి. శుభమా అని” అన్నాడు గానీ చెయ్యి నా భుజం మీద వేసి తియ్యలేదు.

లోపల మేనల్లుడు సున్నంలా తెల్లబడి ఉన్నాడు. జంటని క్యూలో వదిలి ముందే లోపలికి దూరాడట. ఈ ఇంటి ముందు తలుపు తెరిచి, జనం నల్లకోట్లలో ఉంటే, అతను మామే పోయాడనుకున్నాడు. మామ ఫోన్ ఎత్తడం లేదు. మామ ఎప్పుడూ ఫోన్ ఎత్తడు, కానీ ఆ రోజు దానికి వేరే అర్థం వచ్చింది. “నిన్ననే ఆయన్ని గట్టిగా అన్నాను. ఇల్లు సంగతి తేల్చమని అరిచాను” అని నాతో అంటూ ఏడవడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు ఏడుస్తున్నందుకు జనం కుదుటపడ్డారు. అతని చుట్టూ చేరి వీపు నిమిరారు.

అప్పుడు బీరువా కొట్టుకుంది.

లోపలివైపు నుంచి ఎవరో బాదుతున్నట్టు ధడ్ ధడ్‌మని. గదిలో పులిహోర నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. బీరువాలోంచి, నెమ్మదిగా, విసుగ్గా, పెద్దాయన గొంతు వినిపించింది.

“ఈ తలుపుకేమయింది?”

మేనల్లుడు ఒక కేక పెట్టి కొవ్వొత్తుల బల్ల మీద పడ్డాడు. మా నాన్న అతన్ని లేపుతూ “జాగ్రత్త బ్రదర్, అది బ్రహ్మస్థానం” అన్నాడు. నేను బీరువా దగ్గరకి పరుగెత్తి, దానికీ గోడకీ మధ్య నోరు పెట్టి అరిచాను.

“ముందునుంచి రండి!”

“ముందునుంచా? ఎందుకు? ఎవరు పోయారు?” అంది బీరువా.

ఆయన ఇంటిని చుట్టి ముందు వైపుకి వచ్చాడు. వచ్చి, టోపీ తీసి, గడప బయట ఆగిపోయాడు. ఎవరో దారిలో నా గురించి చెప్పేసినట్టున్నారు. నా వైపు చూశాడు. పై నుంచి కింద దాకా చూశాడు.

“నువ్వు పోలేదుగా?”

“లేదండీ.”

“గ్రాండ్” అన్నాడు, మంచిదేలే అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది. గడప మాత్రం దాటలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. “ఇందులోంచి లోపలికి వచ్చినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. మా నాన్న వెళ్ళాడు. మా అన్న వెళ్ళాడు. ఆఖర్న అమ్మ. ఇక తెరవలేదు.”

ఆయన అన్నది మా నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడిపోతే లోపలికి పిలవాలని మాత్రం తెలుసు. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “కమ్ బ్రదర్. రైట్ లెగ్. రైట్ లెగ్ ఫస్ట్” అన్నాడు.

పెద్దాయన తన కాళ్ళ వైపు చూసుకుని, ఎడమ కాలు వెనక్కి తీసుకుని, కుడికాలు లోపల పెట్టాడు. ఎనభై ఏళ్ళ మనిషి తను పుట్టిన ఇంట్లోకి ముందు తలుపులోంచి రావడం అదే మొదటిసారి. వచ్చి, తెల్లగుడ్డ పరిచిన బల్ల పక్కన కూర్చున్నాడు. ఊరి జనాన్ని ఒక్కొక్కరినీ చూశాడు. గుమ్మంలో శాండ్‌విచ్ పళ్ళెం పట్టుకుని నిలబడిన జంటనీ చూశాడు.

“వీళ్ళంతా ఈ అమ్మాయి కోసం వచ్చారా?” అని కొట్టు ఆవిడని అడిగాడు.

“ఈ అమ్మాయి కోసమే. మరి రామా? మా అత్తగారిని ఆఖరి ఆర్నెల్లూ ఈ పిల్లే కదా చూసింది” అంది ఆవిడ. వెనక నుంచి ఇంకెవరో, మా నాన్ననీ ఈమే చూసింది అన్నారు. నాకు వాళ్ళ మొహాలు తెలుసు, ఆ ముసలివాళ్ళు తెలుసు. ఎవరి వాళ్ళు ఎవరో ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. నేను పోతే ఇంతమంది ఇస్త్రీ కోట్లు వేసుకుంటారని నాకెవరూ చెప్పలేదు. చెబితే నమ్మేదాన్ని కూడా కాదు.

మేనల్లుడు మొహం తుడుచుకుని, “మామా, వీళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు” అని జంటని చూపించబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

“వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. నాలుగేళ్ళు ఉంటారు, మంచి ధర వస్తే అమ్మేసుకుని వెళ్తారు. ఇల్లు ఈ అమ్మాయికి ఇస్తున్నాను. వీళ్ళు అమ్మరు. వీళ్ళు ఇక్కడే చస్తారు.”

గదిలో అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. ఆ ఊళ్ళో ఒక మనిషిని అంతకంటే గొప్పగా పొగడటం కుదరదు. ఆ జంట కూడా తలూపింది. ఇల్లు మాదైంది. ఏడాదిగా నిద్ర పట్టనివ్వని ఆ మాట చివరికి వచ్చేసింది. ఎగిరి గంతెయ్యాల్సింది, కానీ నాన్న నా మోచెయ్యి పట్టుకుని గుంజాడు.

“ఏందే? ఏమంటున్నాడు?”

“ఇల్లు మనకే ఇస్తానంటున్నారు నాన్నా.”

“చూశావా! నేను చెప్పలా! ఇంకా ఏందో అన్నాడుగా, అందరూ తలకాయలూపారు?”

అబద్ధం చెప్పొచ్చు. నిద్రలేక, ఆకలేసి, నోటికి అదే వచ్చేసింది. “మేం ఇక్కడే ఉంటామని. ఇక్కడే పోతామని.”

నాన్న మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, వెనక మనిషి లేని నవ్వు. ఇల్లు రావాలని పొద్దుటి నుంచీ బీరువాలు మోసిన మనిషికి, వచ్చిందేమిటో అప్పుడు తెలిసింది. కిటికీలోంచి బయటికి, రాతిగోడ అవతల చర్చి వైపు చూశాడు.

“ఇక్కడ సమాధులు ఏ దిక్కుకి పెడతారో కనుక్కోవే” అన్నాడు మెల్లగా.

నేను పెద్దాయనని అడిగాను. ఆ ప్రశ్నకి ఆయన ఆశ్చర్యపోలేదు. తూర్పుకే అన్నాడు, లేచే సూర్యుడు కనబడేటట్టు.

“తూర్పుకే నాన్నా.”

“అయితే పర్లేదు” అన్నాడు నాన్న. మఫ్లరుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, పెద్దగా, మా వాళ్ళు ప్రార్థనలో ఏడ్చినట్టు ఏడ్చేశాను. ఎవరు పోయారో తెలియక అప్పటిదాకా ఏం చెయ్యాలో తోచని ఊరివాళ్ళు, చేతుల్లో ప్లేట్లు పక్కన పెట్టి, మళ్ళీ వరస కట్టి, ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.